నోట్లో దారం

కుర్చీల్లో మనుషులు లేరు, ప్యాంట్లున్నాయి. మా షెడ్డులో మేం కుట్టిన నీలం జీన్సు ప్యాంట్లే, నడుము పైన ఏమీ లేకుండా, కాలు మీద కాలు వేసుకుని వరసల్లో కూర్చుని నవ్వుతున్నాయి, నవ్వినప్పుడల్లా వాటి జిప్పులు కిందికీ పైకీ జారుతున్నాయి. ఇది రాయదుర్గంలో నేను పదహారేళ్ళుగా మిషను తొక్కుతున్న షెడ్డే, పైన రేకులకు పడ్డ చిల్లులు ఒక్కొక్కటీ గుర్తుపట్టగలను, కానీ ఎవరో మిషన్ల మీద తెల్లగుడ్డలు పరిచి, గాజు గ్లాసులు పెట్టి, దీన్ని అమెరికాలో కొండల మధ్య ఉండే హోటల్ భోజనాల హాలు చేసేశారు. ఒక కిటికీలోంచి మంచు పడ్డ చెట్లు కనబడుతున్నాయి, పక్క కిటికీలోంచి మా ఊరి కోటకొండ కనబడుతోంది, రెండింటి మధ్యలోంచి బళ్ళారి బస్సు హారను కొట్టుకుంటూ పోతోంది, ఇందులో వింతేముంది అనిపిస్తోంది నాకు.

కటింగ్ టేబుల్ ఎక్కి ఒక ముసలాయన మాట్లాడుతున్నాడు. పొట్టి మనిషి, పెద్ద చెవులు, నల్లకోటు. కోటుకు నడిమి గుండీ లేదు, అది ఉండాల్సిన చోట దారప్పోగు వేలాడుతోంది. ఈ ముఖం నాకు తెలుసు, మూడేళ్ళుగా పుస్తకం వెనక అట్ట మీద చూస్తూనే ఉన్నాను. బెరెల్ జాల్త్స్‌మన్. న్యూయార్కులో ప్యాంట్లు ఇస్త్రీ చేస్తూ బతుకు మొదలుపెట్టి, హోటళ్ళలోనూ రేడియోలోనూ జనాన్ని నవ్వించి, ఆ నవ్వించిన మాటలన్నీ ఒక ఇంగ్లీషు పుస్తకంగా రాసి, నేను పుట్టకముందే చచ్చిపోయినవాడు. ఆయన చచ్చిపోయాడని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఇద్దరం దాన్ని పెద్దగా పట్టించుకోవడం లేదు.

"వచ్చినావా తిప్పక్కా," అంటాడు నన్ను చూసి, ప్యాంట్లన్నీ ఒకేసారి నా వైపు తిరుగుతాయి. "ఈమెనే, నా పుస్తకాన్ని తెలుగులోకి మార్చిన యమ్మ. చప్పట్లు కొట్టండి. చేతులు లేవా. సరే, ఊరికే ఉండండి."

ఆయన మాట్లాడుతున్నది యిడ్డిష్ అయ్యుండాలి. తూర్పు యూరప్ యూదులు ఇళ్ళలో, అంగళ్ళలో మాట్లాడుకున్న భాష, బతకలేక ఓడెక్కిన ప్రతి దర్జీ నోట్లోనూ దాక్కుని అమెరికా చేరి, అక్కడి కథల్లోకీ నాటకాల్లోకీ హాస్యంలోకీ దొంగదారిన దూరిన భాష. నాకు అందులో ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషయినా నేను బడిలో నేర్చుకున్నది కాదు, ఏడో తరగతిలో బడి మాన్పించాక ప్యాంట్ల లేబుళ్ళ మీదా, ఆర్డరు కాగితాల మీదా, ఒక చినిగిన నిఘంటువులోనూ ఏరుకున్నది. అయినా ఆయన మాట నాకు నిమ్మళంగా రాయదుర్గం మాటల్లోనే వినబడుతోంది.

"దిగప్పా కిందికి," అంటాను. "పనుంది. ఐదు గంటల అనంతపురం బస్సుకు నీ పుస్తకం ప్రూఫులు పంపాల. ఇంక నాలుగు పేజీలు సూసేదుంది."

"ఆ నాలుగు పేజీల కోసమే వచ్చినా," అంటూ దిగుతాడు. దిగినచోట కుర్చీ లేదు, అయినా కూర్చుంటాడు. "మా యమ్మ నాతో మాట్లాడ్డం మానేసినాది. నువ్వు చేసిన పనికి."

"నేనేం చేసినా మీ యమ్మను?"

"కొడుక్కు కూడు పెట్టని తల్లిని చేసినావు."

ఆ పేజీ నా చేతిలోకి దానంతటదే వచ్చేస్తుంది. నాకు ఒళ్ళు జలదరించేలా నచ్చిన పేజీ అది. పద్నాలుగేళ్ళ బెరెల్ మొదటిసారి నాటకం స్టేజీ ఎక్కడానికి పోతుంటాడు, కోటు గుండీ ఊడిపోతుంది, తల్లి ఫ్రూమా వాడిని గుమ్మంలోనే నిలబెట్టి, నోట్లో ఇంత దారం పెట్టి నమలమని, వాడు నములుతుంటే గుండీ కుడుతుంది. అంతే రాశాడు ఆయన, ఐదు వాక్యాలు. మిగతా అరపేజీ నాది. ఇంట్లో పెట్టడానికి ఏమీ లేక దారప్పోగు పెట్టి కొడుకు ఆకలి మరిపించిన తల్లి అని రాశాను, లోకమంతటికీ బట్టలు కుట్టే చేతులు కన్నబిడ్డకు నూలు తినిపించాయని రాశాను. దాన్ని మా దర్జీల సంఘం మీటింగులో చదివితే నూట ఇరవైమంది ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ అరపేజీ వల్లే పుస్తకానికి పేరు పెట్టాను: నూలు తిన్న పిల్లోడు. గోడల మీద రాయించాను కూడా.

"అది ఆకలి కాదా?" అంటాను.

"ఆకలా," అంటాడు. "ఆ పొద్దు నేను చేప తిన్నా, ఉడకేసిన ఉర్లగడ్డ తిన్నా, మళ్ళా పెడితే మళ్ళా తిన్నా. కడుపు బరువుకే గుండీ ఊడింది. మేం పేదోళ్ళమే, కాదని ఎవరన్నారు, ఒక గదిలో తొమ్మిదిమంది పండుకునేవాళ్ళం, పదో మనిషి వస్తే గోడకు ఆనుకొని నిద్రపోయేవాడు. కానీ మా యమ్మ ఇంట్లో ఎవరూ దారం తినలేదు మే. ఇప్పుడు ఆ లోకంలో ఆడోళ్ళంతా, అదిగో కొడుక్కు నూలు పెట్టినామె వస్తాందని ఎగతాళి పట్టిస్తాండారు."

"వాళ్ళకు తెలుగు పుస్తకం గురించి ఎట్ల తెలిసింది? అచ్చే కాలేదు."

"చచ్చినోళ్ళకు అన్ని భాషలూ వస్తాయి. ఏం పనుంటాది మాకు?"

హాలు చివర రెండు రెక్కల తలుపు ఉంది, దాని వెనక వంటిల్లు. ఇంతసేపూ లేని గిన్నెల చప్పుడు ఇప్పుడు మొదలవుతుంది, కోపంగా ఉన్న ఆడమనిషి గిన్నెలు దించే చప్పుడు, ఏ దేశంలోనైనా అదొక్కటే. బెరెల్ గొంతు తగ్గిస్తాడు.

"అది మా అలవాటు," అంటాడు. "మా వాళ్ళల్లో ఒంటి మీద బట్ట ఉండంగానే కుట్టేది ఎవరికో తెలుసునా? శవానికి. కఫన్ గుడ్డ కుట్టేటప్పుడు. అందుకని బతికినోని మీద కుట్టాలంటే వాని నోట్లో దారం పెట్టి నమలమంటారు. శవం నమలదు కదా. వీడు బతికే ఉన్నాడు, పొరపాటు పడొద్దని పైవాడికి చెప్పడం. ఆకలికి కాదు. బతకమని."

నేను పేజీ వంక చూస్తాను. అక్షరాలు దొంగ చూపులు చూస్తున్నాయి, నేను రాసిన అరపేజీ అక్షరాలైతే మరీ.

"మరి రాసి చావొచ్చు గదా ఆ ముక్క, పుస్తకంలో," అంటాను. కోపం వస్తోంది, తప్పు నాదైనప్పుడు నాకు ఎప్పుడూ కోపమే వస్తుంది.

"ఎవరికి రాయాల? నా మాటలు విన్నోళ్ళందరికీ అట్లాంటి అమ్మే ఉండె. జోకు చెప్పి దాని కింద అర్థం రాస్తే శవానికి పౌడరు పూసినట్టుంటాది. అందులో అసలు నవ్వేదేందో నీకు అందనే లేదు. మా ఇంట్లో తొమ్మిదిమందీ ఒకేసారి మాట్లాడేవాళ్ళం. ఎవరూ వినేవాళ్ళు కాదు, ప్రశ్న అడిగితే తిరిగి ప్రశ్నే వేసేవాళ్ళం. అట్లాంటి ఇంట్లో ఒగని నోరు మూయించాలంటే మా యమ్మకు ఒకటే దారి, వానికి గుండీ కుట్టడం. నోట్లో దారం ఉంటే మాట్లాడలేడు గదా. కావాలనే గుండీలు వదులుగా కుట్టేది. వారానికొకటి ఊడేది. వారానికొకసారి ఆమె చెప్పాలనుకున్నదంతా చెప్పేది."

ప్యాంట్లు విరగబడి నవ్వుతున్నాయి, రెండు కుర్చీల మీంచి జారి కింద పడ్డాయి. నాకూ నవ్వొస్తోంది, పళ్ళు బిగబట్టి ఆపుకుంటున్నాను. నవ్వితే ఓడిపోయినట్టే.

"నీకు నవ్వులాట," అంటాను. "నాకు నూట ఇరవైమందిని సమ్మెకు గేటు బయట నిలబెట్టే పని. ఆకలి అంటేనే జనం కదులుతారు. నా అరపేజీకి వాళ్ళు ఏడ్చినారు, తెలుసునా?"

"వాళ్ళు ఏడిసేదానికి నువ్వెందుకు, సూపర్‌వైజర్ చాలడా?"

మీటింగుల్లో జవాబు లేనప్పుడు నేను నినాదం అందుకుంటాను, ఇక్కడ అందుకుందామంటే పక్కన పలకడానికి ఎవరూ లేరు, ప్యాంట్లకు నోళ్ళు లేవు. ఆయన మెల్లగా చెప్పుకుంటూ పోతాడు, ఆయన చెబుతుంటే హాలు వీధి అయిపోతుంది, న్యూయార్కు చలి వీధి, ఎత్తైన ఇటుక మేడలు, ముందర కొంగులు కప్పుకున్న ఆడవాళ్ళు అట్టల మీద రాసిన మాటలు పట్టుకుని నిలబడి ఉన్నారు. సమ్మె. మేడ తలుపు దగ్గర యజమాని, వాని వెనకాల సమ్మె విరగ్గొట్టడానికి తెచ్చిన కొత్త మనుషులు. ఫ్రూమా అడుగు ముందుకు వేసి యజమానిని చూస్తూ, నీకు వంద జతల బూట్లు రావాల నాయనా, అన్నీ ఎడమకాలివే కావాల, అంటుంది. నీ కూతురి పెళ్ళికి ఊరంతా రావాల, వంటోడు తప్ప, అంటుంది. నీ పేరు పేపర్లో పెద్దచ్చరాల్లో పడాల, దాన్ని నీకు చదివి వినిపించేదానికి నేనే మిగలాల, అంటుంది. కొత్తగా వచ్చిన మనుషుల్లో ముందొకడు నవ్వుతాడు, తర్వాత అందరూ నవ్వుతారు, నవ్వు ఆపుకోలేక మూటలు కిందపెడతారు, కిందపెట్టిన మూటలు మళ్ళీ ఎత్తుకోరు.

"జాలిపడినోడు పైనుంచి చూస్తాడు," అంటాడు బెరెల్. "నవ్వినోడు పక్కకొచ్చి నిలబడతాడు. నాకు తెలిసిన రాజకీయమంతా ఇంతే."

ఫ్రూమా తిట్లు వింటుంటే నాకు మా నాయనమ్మ, మా జేజి గొంతు వినబడుతోంది. నీ నోట్లో మన్ను పడ అని మొదలుపెట్టి, ఆ మన్నులో వాన పడ, ఆ వానకు పంట పండ, ఆ పంట పక్కింటోడు కోసుకుపోనూ అని ముగించేది ఆమె. ఆ గొంతు నా చెవిలో ఉండి కూడా పుస్తకంలో ఈ తిట్లకు నేను పంతులమ్మ తెలుగు పెట్టాను. "ఓ యజమానీ, నీకు శుభము కలుగకుండుగాక" అని రాశాను. పుస్తకం గదా అని భయపడ్డాను. కలెక్టరు ఎదుట భయపడనిదాన్ని అచ్చుకు భయపడ్డాను. సదువుకున్నోళ్ళు చదివి, దర్జీదానికి తెలుగు రాదంటారని.

"నువ్వు ఒకదానివే కాదులే," అంటాడు బెరెల్, నేను పైకి అనకుండానే. "నేనూ చేసినా ఆ పని. రేడియోలోకి పోయినప్పుడు పేరు బెర్నీ సాల్ట్ అని పెట్టుకున్నా. మా యమ్మ మాటలన్నీ తీసేసి, ముక్కు మూసుకొని దొరల ఇంగ్లీషు మాట్లాడినా. మా యమ్మ వంటింట్లో రేడియో పెట్టుకొని విని ఏమనిందో తెలుసునా? ఎవరీ పెద్దమనిషి, పాపం, గొంతులో బలం లేదు, ఇంట్లో కూడు పెడతాండారో లేదో అనింది. ఆ నెలంతా ఒక్కడూ నవ్వలేదు. ఆ తర్వాత మాటలు ఇంగ్లీషువే ఉంచి కుట్టు మా యమ్మది పెట్టినా. అప్పుడు నవ్వినారు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన కోటుకు వేలాడే దారప్పోగును వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ చుట్టుకుంటున్నాడు. ఇంతసేపూ నవ్విస్తున్న ముఖం ఇప్పుడు పద్నాలుగేళ్ళవాడి ముఖంలా ఉంది.

"చివరి సారి," అంటాడు. "నాకు ముప్పై ఏళ్ళు. రైలుకు టైమైపోయింది, కింద కారు హారను కొడతాండాది. ఆమె గుమ్మంలో పట్టుకొని గుండీ కుడతా అనింది, నోట్లో దారం పెట్టింది. నేను ఉమ్మేసినా. ఇంకా ఈ పాతకాలపు పిచ్చేందమ్మా అని అన్నా. ఆమె ఏమీ అనలేదు. గుండీ కుట్టింది. నేను తిరిగొచ్చేతలికి ఆమె లేదు. ఆ ఐదు వాక్యాలు, తిప్పక్కా, దారం నోట్లో పెట్టిందీ నేను నమిలిందీ, అది ఆమెకు నేను తిరిగి చెప్పుకున్న మాట. ఉమ్మలేదు, నమిలినా అని. నువ్వేమో దాన్ని తీసుకుపోయి ఆమె నన్ను పస్తు పెట్టిందని గోడల మీద రాయించినావు."

నాకు మాబున్నీ గుర్తొస్తుంది, నా పక్క మిషను మీద కూర్చునే మాబున్నీ, నాకంటే ముందునుంచీ ఈ షెడ్డులో ఉన్నది. పోయిన ఏడు మీటింగులో ఆమె ఎవరికో ఒంటి మీదనే రవికె హుక్కు కుడుతూ, నోట్లో దారం పెట్టుకోమ్మా, మా నానమ్మ చెప్పేది అనబోతే, ఈ మూఢనమ్మకాలు వదిలితేగానీ మనం బాగుపడం అని నేను మైకు పట్టుకుని పది నిమిషాలు మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. మాబున్నీ తల వంచుకుని ఆ దారాన్ని పక్కన పడేసింది. కళ్ళెదుట జరిగినదాన్ని తిట్టి పంపేసి, సముద్రాల అవతల పుస్తకంలో అదే కనబడితే ఆకలి అనుకున్నాను నేను.

"గోడలు తుడిపిస్తా," అంటాను. "పేరు మారిస్తా. జనం అడిగితే?"

"తప్పు రాసినా అని చెప్పు."

"నవ్వుతారు."

"నవ్వనీ. యాభై ఏళ్ళు నేను తిన్న కూడు అదే."

అప్పుడు తలుపు రెక్కలు తెరుచుకుంటాయి. ఫ్రూమా వస్తుంది, చిన్న మనిషి, మోచేతుల దాకా పిండి, ఆమె వెనకే ఉడికిన ఉర్లగడ్డల ఆవిరి, ఆ ఆవిరిలో ఎట్లాగో మా ఉగ్గాని తాలింపు వాసన కూడా ఉంది. ప్యాంట్లన్నీ లేచి నిలబడతాయి. బెరెల్ లేచి నిలబడి, కోటు గుండీ లేని చోటును చేత్తో కప్పుకుంటాడు. ఆమె కొడుకు వంక చూడదు. నా దగ్గరికి వచ్చి నా భుజం చూస్తుంది. పొద్దున మిషనుకు తగులుకుని నా రవికె భుజం దగ్గర జానెడు చినిగింది, పని తొందరలో నేనే మరిచిపోయాను.

"అమ్మా, నేను రాసింది," అని మొదలుపెడతాను.

ఆమె నా నోట్లో దారం పెడుతుంది. అంతే. తెల్లదారం, మైనం రుచి. నేను రాయదుర్గం దర్జీల సంఘం కార్యదర్శిని, నన్ను మాట్లాడకుండా ఆపడం ముగ్గురు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ల వల్ల కాలేదు, ఇప్పుడు నోరు మూసుకుని నములుతున్నాను. ఆమె సూది నా భుజం మీద నడుస్తోంది, గుచ్చుకోవడం లేదు.

"వానికి ఆ పొద్దు రెండు సార్లు వడ్డించినా," అంటుంది ఫ్రూమా. "అది రాయి. చేప ముల్లు తీసి పెట్టినా. అదీ రాయి. పేదోళ్ళమని రాసుకో, నాకేం సిగ్గులేదు, ఆ సిగ్గు మమ్మల్ని పేదోళ్ళను చేసినోనిది. కానీ నా బిడ్డ ఆకలితో గడప దాటినాడని రాస్తే మాత్రం, నీకు వెయ్యిమంది కోడళ్ళు రావాల, అందరూ నీకంటే మాటకారులు కావాల."

నేను నములుతూనే తల ఊపుతాను.

"ఇంక వీడు," అంటుంది, అప్పుడు తిరుగుతుంది కొడుకు వైపు. "ఉమ్మేసినోడు."

బెరెల్ నోరు తెరుస్తాడు. జోకు చెప్పడానికి కాదు. ముసలి పిచ్చుకలాగా ఊరికే నోరు తెరిచి నిలబడతాడు, దారం కోసం.

"నీకెందుకురా," అంటుంది ఆమె. "నువ్వు చచ్చినోనివి. నీకు నమిలే పని లేదు." అంటూనే పంటితో దారం తెంపి వాడి నోట్లో పెడుతుంది, జేబులోంచి గుండీ తీస్తుంది, కోటు పట్టుకుని దగ్గరికి లాక్కుంటుంది, "అయితే నువ్వు పోయినప్పటినుంచీ నేను చెప్పాలనుకున్నవి కొన్నున్నాయి, విను," అని మొదలుపెడుతుంది. ఆయన కళ్ళు మూసుకుని నములుతున్నాడు, అంత హాయిగా నమిలేవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు. ఆమె ఒక తిట్టు, ఒక కుట్టు, ఒక తిట్టు, ఒక కుట్టు, హాలు మెల్లగా ఊగుతోంది, కిటికీల్లో చెట్లు కోటకొండ మీదికి నడిచిపోతున్నాయి, ఎక్కడో మిషన్లన్నీ ఒక్కసారిగా

గుయ్‌మని మోగాయి. కరెంటు వచ్చింది. మధ్యాహ్నం తిండి వేళ పోయిన కరెంటు మూడుంపావుకు వచ్చింది. నా చెంప మిషను బల్ల మీద ఉంది, చెంప కింద ప్రూఫు కాగితాలున్నాయి. లేవబోతే భుజాన్ని ఎవరో నొక్కి పట్టారు.

"కదలాకు," అంది మాబున్నీ వెనకనుంచి. "ఇంకా రెండు కుట్లే. ఇంత చినిగితే చూసుకోకుండా నిద్రపోతివి. ఒంటి మీదనే కుడతాండా, నీకు నమ్మకం లేదని తెలుసు, తిట్టాలంటే అయిపోయినాక తిట్టు."

పళ్ళ మధ్య ఏదో తగులుతోంది. నాలుకతో తడిమాను. దారప్పోగు, తెల్లదే అయ్యుండాలి, మైనం రుచి.

చెప్పాల్సినవి చాలా ఉన్నాయి మాబున్నీకి, పోయిన ఏటి మైకుతో మొదలుపెట్టి. కుట్టు అయిపోనీ అనుకున్నాను. చేయి చాపి సుద్దముక్క తీసుకుని, కింద ఉన్న కాగితం లాగి, పుస్తకం పేరు మీద ఈ చివరనుంచి ఆ చివరకు గీత గీశాను. తర్వాత నా అరపేజీ మీద. ఐదు గంటల బస్సుకు ఇంకా టైముంది.

దారం ఉమ్మలేదు.